మూలప్రతిలో దోషం ఉండదా? బైబిలు నిర్దోషత్వంపై 1881–1893 నాటి వాదం

ఒక చిన్న లెక్కతో ఈ పాఠం మొదలుపెడదాం. యూదా రాజు యెహోరాము 32వ ఏట సింహాసనమెక్కి, 8 సంవత్సరాలు పాలించి చనిపోయాడని దినవృత్తాంతముల రెండవ గ్రంథం 21వ అధ్యాయం చెబుతుంది. అంటే చనిపోయేనాటికి ఆయన వయసు 40. ఆ తర్వాత రాజైన ఆయన కుమారుడు అహజ్యాకు అప్పటికి 42 ఏళ్లని 22వ అధ్యాయపు హీబ్రూ పాఠం చెబుతుంది. కొడుకు తండ్రికంటే రెండేళ్లు పెద్దవాడన్నమాట! అదే అహజ్యాకు రాజుల రెండవ గ్రంథం 8వ అధ్యాయంలో 22 ఏళ్లు.

నేను తరగతిలో ఈ అంకెలు నల్లబల్ల మీద వేసినప్పుడల్లా విద్యార్థులు రెండుగా చీలిపోయేవారు. గ్రంథంలోనే తప్పుందని కొందరు, ప్రతి రాసుకున్నవాడు పొరబడ్డాడని కొందరు. రెండో జవాబు చెప్పినవారికి తెలియకపోవచ్చుగాని, అది చాలా పాత జవాబు. 5వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో అగస్టీన్ జెరోముకు రాసిన ఉత్తరంలో ఇదే మాట ఉంది. లేఖనంలో సత్యానికి విరుద్ధమైనదేదైనా కనిపిస్తే ప్రతిలో దోషమైనా ఉండాలి, అనువాదకుడైనా పొరబడి ఉండాలి, తనకైనా అర్థమై ఉండకూడదు అన్నాడాయన. గ్రంథకర్త తప్పు రాశాడన్న నాలుగో అవకాశాన్ని ఆయన ఒప్పుకోలేదు.

ఈ వైఖరి చాలాకాలం పెద్ద పరీక్ష లేకుండానే నడిచింది. బైబిలు గ్రంథకర్తలు స్వయంగా రాసిన ప్రతి ఒక్కటీ నేడు మిగలలేదు. మనకున్నవన్నీ ప్రతులకు ప్రతులు. 1707లో జాన్ మిల్ ఆక్స్‌ఫర్డ్‌లో గ్రీకు కొత్త నిబంధన ప్రచురించి, ప్రతుల మధ్య దాదాపు 30,000 పాఠభేదాలు చూపించినప్పుడు చాలామంది కంగారుపడ్డారు. వాటిలో అధిక భాగం వర్ణక్రమానికీ పదాల వరుసకూ సంబంధించిన చిన్న తేడాలే. తాళపత్ర ప్రతులతో పనిచేసినవారికి ఇందులో వింతేమీ కనిపించదు. అయితే 19వ శతాబ్దంలో జర్మన్ విశ్వవిద్యాలయాల పండితులు లేఖకుణ్ణి వదిలి గ్రంథకర్తనే ప్రశ్నించడం మొదలుపెట్టారు. ధర్మశాస్త్రం ఐదు కాండాలను మోషే రాశాడా? యెషయా గ్రంథం మొత్తం ఒక్కరి రచనేనా? ఈ ప్రశ్నలకు ప్రతుల్లోని లోపాలు జవాబు కాలేవు.

1881 ఏప్రిల్‌లో అమెరికాలోని ప్రెస్బిటేరియన్ రివ్యూ పత్రికలో ఎ. ఎ. హాడ్జ్, బి. బి. వార్‌ఫీల్డ్ కలిసి దైవప్రేరణపై ఒక వ్యాసం రాశారు. ఇక్కడ మీరు జాగ్రత్తగా చదవాలి. దేవుడు చెబుతూ ఉంటే మనుషులు గుమాస్తాల్లా రాసుకుపోయారని ఈ ఇద్దరూ అన్నట్టు పరీక్షల్లో రాస్తుంటారు. వాళ్లు అలా అనలేదు. గ్రంథకర్తలకు సొంత శైలి ఉందనీ, వారి జ్ఞానానికి పరిమితులున్నాయనీ, వారు మానవ ఆధారాలు వాడుకున్నారనీ స్పష్టంగా ఒప్పుకున్నారు. అయినా దేవుని పర్యవేక్షణ వల్ల వారు రాసిన మూలప్రతిలో తప్పు చొరబడలేదన్నది వారి వాదం. తప్పుందని రుజువు చేయదలచినవాడు మూడు సంగతులు చూపాలన్నారు: ఆ వాక్యం మూలప్రతిలో నిశ్చయంగా ఉండాలి, దానికి మనం చెప్పే అర్థమే గ్రంథకర్త ఉద్దేశించినదై ఉండాలి, అది నిశ్చయంగా తెలిసిన మరో సత్యంతో నిజంగా విభేదించాలి.

మొదటి షరతు దగ్గరే చరిత్రకారుడు ఆగిపోతాడు. మూలప్రతి ఎవరి చేతిలోనూ లేదు. లేని ప్రతిలో తప్పుందని ఎలా చూపగలం? లేదని మాత్రం ఎలా చూపగలం? అలాగని వార్‌ఫీల్డ్ తప్పించుకోవడానికి ఈ షరతు పెట్టాడనడం అన్యాయం. ఆయన పాఠపరిష్కరణ తెలిసిన పండితుడు. 1886లో దానిపై ఒక పుస్తకమే రాశాడు. అహజ్యా వయసు విషయంలో నాకు ఆయన పక్షమే బలంగా కనిపిస్తుంది. కొన్ని గ్రీకు ప్రతుల్లోనూ ప్రాచీన సిరియక్ అనువాదంలోనూ 22 అనే ఉంది. 42 లేఖకుడి చేతిజారుడే కావచ్చు.

అయితే మత్తయి సువార్త 27వ అధ్యాయంలో ముప్పై వెండి నాణేల ప్రవచనం ఉంది. దాన్ని యిర్మీయా చెప్పాడని అక్కడ రాసి ఉంది. ఆ మాటలకు దగ్గరగా ఉన్నది మాత్రం జెకర్యా గ్రంథం 11వ అధ్యాయం. ఇక్కడ ప్రతుల ఆసరా పెద్దగా దొరకదు. ప్రతులు దాదాపు అన్నీ యిర్మీయా అనే అంటాయి. మత సంస్కర్త కాల్విన్ తన వ్యాఖ్యానంలో ఆ పేరు పొరపాటున పడిందని ఒప్పుకొని, దాని గురించి పెద్దగా చింతించకుండా ముందుకు సాగాడు. కాల్విన్ కలవరపడని చోట ఆయన వారసులు ఎందుకు కలవరపడ్డారన్నది ఆలోచించదగిన ప్రశ్న. కాల్విన్ ఎదుట జర్మన్ విమర్శకులు లేరు. వీరి ఎదుట ఉన్నారు. ఒక్క చోట సడలిస్తే మొత్తం కూలుతుందన్న భయమూ ఉంది.

ఆ భయానికి గురైనవాడు చార్లెస్ ఆగస్టస్ బ్రిగ్స్. బెర్లిన్‌లో చదివి, న్యూయార్క్ యూనియన్ థియలాజికల్ సెమినరీలో హీబ్రూ బోధించిన ఆయన, హాడ్జ్‌తో కలిసి ఆ ప్రెస్బిటేరియన్ రివ్యూకే సంపాదకుడు! 1891 జనవరి 20న కొత్త ఆచార్య పీఠం స్వీకరిస్తూ చేసిన ప్రసంగంలో, మనుషులకూ బైబిలుకూ మధ్య లేచిన అడ్డుగోడల్లో నిర్దోషత్వ సిద్ధాంతం ఒకటని అన్నాడు. తప్పులు ఉన్నాయనీ, అవి గ్రంథపు సారాన్ని తాకవనీ ఆయన మాట. గ్రంథంపై గౌరవం తగ్గించడానికి కాదు, దాన్ని కాపాడటానికే ఇలా అంటున్నానని ఆయన భావించాడు.

సంఘం అలా భావించలేదు. 1891లో జనరల్ అసెంబ్లీ ఆయన నియామకాన్ని తిరస్కరించింది. 1892లో సెమినరీ ఆయన పక్షాన నిలిచి అసెంబ్లీతో తన ఒప్పందం తెంచుకుంది. న్యూయార్క్ ప్రెస్బిటరీ విచారణ జరిపి ఆయనను దోషిగా తేల్చలేదు. అప్పీలుపై 1893లో వాషింగ్టన్‌లో సమావేశమైన అసెంబ్లీ ఆ తీర్పును తిరగదోడి, ఆయనను బోధకత్వం నుంచి తొలగించింది. మూల పాఠంలోనే తప్పులు ఉండి ఉండవచ్చని బోధించాడన్నది అభియోగాల్లో ఒకటి. ఎవరూ చూడని ప్రతిలో ఏముందో అనే విషయంపై ఒక మనిషి పదవి పోయింది. ఉద్యోగం మాత్రం నిలిచింది. 1899లో ఆయన ఎపిస్కోపల్ సంఘంలో గురువయ్యాడు. ఆయన మరో ఇద్దరితో కలిసి కూర్చిన హీబ్రూ నిఘంటువును ఆయనను తప్పుబట్టిన సంఘాల విద్యార్థులు కూడా ఇప్పటికీ తిరగేస్తారు.

వాదం అక్కడితో ముగియలేదు. 1965లో రెండవ వాటికన్ మహాసభ, మన రక్షణ కోసం దేవుడు లేఖనాల్లో ఉంచదలచిన సత్యాన్ని అవి తప్పు లేకుండా బోధిస్తాయని చెప్పింది. ఆ వాక్యం పరిధి ఎంతన్నదానిపై కాథలిక్ పండితులు నేటికీ చర్చిస్తున్నారు. 1978లో చికాగోలో ఇవాంజెలికల్ పండితులు చేసిన ప్రకటన మాత్రం హాడ్జ్, వార్‌ఫీల్డ్ బాటలోనే నడిచి, దైవప్రేరణ ఖచ్చితంగా వర్తించేది మూలప్రతికేనని రాసుకుంది.

మీ అందుబాటులో తెలుగు బైబిలు ఉంటే దినవృత్తాంతముల రెండవ గ్రంథం 22వ అధ్యాయం రెండో వచనం తెరిచి, అక్కడ ఏ అంకె ఉందో, పుట అడుగున గమనిక ఏమైనా ఉందో చూడండి. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదంలో 42 ఉంటుంది. న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్‌లో 22 ఉంటుంది. హీబ్రూలో 42 ఉందని అడుగున చెబుతుంది. మీ ప్రతి అనువాదకులు ఏ దారి పట్టారో, ఎందుకు పట్టి ఉంటారో ఒక పేజీలో రాసి, తర్వాతి తరగతికి తీసుకురండి.