కడలి దాటిన దత్తత

దత్తత అనగానే మనకు వంశం, పిండం, ఆస్తి గుర్తుకు వస్తాయి. మన ప్రాచీన ధర్మశాస్త్రాలలో దత్తత ప్రధానంగా తండ్రి అవసరం కోసం ఏర్పడినది. బిడ్డ మేలు అన్న మాట చట్టంలోకి చాలా ఆలస్యంగా వచ్చింది. విదేశీ దత్తత విషయంలో దానికి దారి తీసినది ఒక ఉత్తరమని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగింది.

1956 నాటి హిందూ దత్తత చట్టం హిందువులకే పరిమితం. అందుచేత విదేశీ దంపతులు 1890 నాటి సంరక్షకుల చట్టం కింద కోర్టు అనుమతితో బిడ్డను తమ దేశానికి తీసుకువెళ్ళి, అక్కడ దత్తత చేసుకునేవారు. ఈ వ్యవహారంలో అక్రమాలు జరుగుతున్నాయని 1982లో లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది సుప్రీంకోర్టుకు లేఖ రాశారు. కోర్టు ఆ లేఖనే రిట్ పిటిషన్‌గా స్వీకరించింది. 1984 ఫిబ్రవరిలో జస్టిస్ పి.ఎన్. భగవతి తీర్పు వెలువరించారు. ముందుగా స్వదేశంలోనే తల్లిదండ్రులను వెతకాలి. కన్నవారిపై ఒత్తిడి ఉండరాదు. పునరాలోచనకు వారికి సుమారు మూడు నెలల గడువు ఇవ్వాలి.

అయినా 1999-2001 మధ్య తెలంగాణలోని లంబాడా తండాలలో పేద తల్లులకు స్వల్ప ధనమిచ్చి ఆడశిశువులను సేకరిస్తున్నారన్న ఆరోపణలు రాష్ట్రాన్ని కుదిపివేశాయి. 2003లో భారతదేశం హేగ్ ఒప్పందాన్ని ధ్రువీకరించింది.

పరాయి బిడ్డను కన్నబిడ్డగా పెంచిన విదేశీ దంపతులెందరో ఉన్నారు. వారి ప్రేమను నేను శంకించను. కాని కాగితంపై వేలిముద్ర వేసిన ఆ తండా తల్లికి మూడు నెలల గడువు సంగతి ఎవరైనా చెప్పారా? చరిత్ర ముందుగా అడగవలసిన ప్రశ్న అదేనని నా అభిప్రాయం.