సుభాష్ ముఖోపాధ్యాయ (1931–1981)

కలకత్తా వైద్యుడు, ప్రత్యుత్పత్తి హార్మోన్ల పరిశోధకుడు. భారతదేశపు తొలి టెస్ట్ ట్యూబ్ శిశువు 1978 అక్టోబర్ 3న ఆయన కృషి వల్లే పుట్టింది. ప్రపంచంలో మొదటిదైన లూయీ బ్రౌన్ ఇంగ్లండ్‌లో జన్మించి అప్పటికి పది వారాలే. శరన్నవరాత్రులు మొదలైన రోజుల్లో పుట్టిన ఈ ఆడపిల్లను లోకం దుర్గ అని పిలిచింది.

ముఖోపాధ్యాయ హజారీబాగ్‌లో పుట్టారు. కలకత్తాలో వైద్యవిద్య పూర్తిచేసి, 1958లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి, 1967లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్లు పొందారు. ఎడిన్‌బరోలో ఆయన గురువు జాన్ లొరైన్ హార్మోన్లను కొలిచే పద్ధతుల్లో పేరున్నవాడు. ఆ శిక్షణే ముఖోపాధ్యాయ ఆలోచనకు పునాది అయింది. గర్భధారణను ఆయన శస్త్రచికిత్స సమస్యగా కాక ముందు హార్మోన్ల వ్యవహారంగా చూశారు.

మామూలుగా స్త్రీ శరీరంలో నెలకు ఒక అండమే పక్వమవుతుంది. మెదడు కింది పిట్యూటరీ గ్రంథి విడుదల చేసే ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ వల్ల అండాశయంలో ఒక్కో అండాన్ని పొదివి ఉంచే అనేక పుటికలు (ఫాలికిల్స్) ఎదగడం మొదలుపెడతాయి. ముందుకు దూసుకొచ్చిన పుటిక నుంచి వెలువడే ఈస్ట్రోజెన్ ఎఫ్‌ఎస్‌హెచ్‌ను తగ్గించేస్తుంది. అది చాలక మిగిలినవి వాడిపోతాయి. లూయీ బ్రౌన్ కోసం రాబర్ట్ ఎడ్వర్డ్స్, పాట్రిక్ స్టెప్టో ఆ ఒక్క అండం కోసమే కాచుకుని, లాప్రోస్కోపీతో కడుపులో నుంచి తీశారు. కలకత్తాలో ముఖోపాధ్యాయ వేరే దారి పట్టారు. రుతుక్రమం ఆగిన స్త్రీల మూత్రం నుంచి శుద్ధిచేసిన, పుటికలను ఎదిగించే గొనడోట్రోపిన్ హార్మోన్ల ఇంజెక్షన్లతో ఒకేసారి ఎక్కువ అండాలు ఎదిగేలా చేశారు. వాటిని యోని మార్గం నుంచే చిన్న కోతతో సేకరించారు. ఈనాడు హైదరాబాద్‌లోనైనా విశాఖలోనైనా సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్లిన దంపతులకు హార్మోన్ ఇంజెక్షన్లు, యోని మార్గంలో అండాల సేకరణ మామూలు మాటలే. సూదిని నడిపించేందుకు ఇప్పుడు అల్ట్రాసౌండ్ తోడైంది.

మూడో అడుగు అన్నిటికన్నా సాహసమైనది. ఇంజెక్షన్లతో ఈస్ట్రోజెన్ విపరీతంగా పెరిగిన నెలలో గర్భాశయం లోపలి పొర పిండాన్ని పట్టుకునే స్థితిలో ఉండదని ఆయన భావించారు. అందుకని పిండాలను డీఎంఎస్‌ఓ అనే రక్షక ద్రవంతో ఘనీభవింపజేసి 53 రోజులు నిల్వ ఉంచారు. తర్వాత మందుల ప్రభావం లేని సహజ రుతుచక్రంలో తల్లి గర్భంలో ప్రవేశపెట్టారు. శీతలీకరణ పని చూసినది జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయానికి చెందిన సునీత్ ముఖర్జీ. స్త్రీ వైద్య నిపుణుడు సరోజ్ కాంతి భట్టాచార్య ఈ బృందంలో మూడోవారు. ఘనీభవింపజేసిన పిండం నుంచి శిశుజననాన్ని ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించింది 1984లో.

పిండాలను నిల్వచేసి తర్వాతి చక్రంలో ప్రవేశపెట్టడం మేలన్న ముఖోపాధ్యాయ ఊహకు పెద్ద పరీక్ష 2016లో జరిగింది. అండం క్రమంగా విడుదల కాని పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉన్న 1,508 మంది స్త్రీలపై చైనాలో జరిపిన అధ్యయనంలో తాజా పిండాలు వాడినవారిలో 42 శాతం మందికి, ఘనీభవించినవి వాడినవారిలో 49.3 శాతం మందికి బిడ్డలు పుట్టారు. అండాశయం ప్రమాదకరంగా వాచే స్థితి 7.1 శాతం నుంచి 1.3 శాతానికి పడిపోయింది. అయితే గర్భిణుల్లో రక్తపోటు పెరిగే ప్రీఎక్లాంప్సియా 1.4 శాతం నుంచి 4.4కు పెరిగింది. క్రమంగా అండం విడుదలయ్యే స్త్రీలలో శిశుజననాల విషయంలో ఇంతటి తేడా లేదని 2018 నాటి అధ్యయనాలు తేల్చాయి. పూర్తిగా హార్మోన్ మాత్రలతో గర్భాశయాన్ని సిద్ధంచేస్తే అండం విడుదల కాదు, అండం వెలువడ్డాక ఖాళీ పుటిక మారి హార్మోన్లు స్రవించే కార్పస్ లూటియం ఏర్పడదు. ఆ లోటు రక్తపోటు సమస్యకు ఒక కారణం కావచ్చని పరిశోధకులు అనుమానిస్తున్నారు. సహజ చక్రంలో పిండమార్పిడి మీద మళ్లీ ఆసక్తి పెరగడానికి ఇదొక కారణం.

బతికుండగా ముఖోపాధ్యాయకు దక్కింది మాత్రం అవమానం. 1978 నవంబర్‌లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం విచారణ కమిటీ వేసింది. దానికి అధ్యక్షుడు రేడియో భౌతికశాస్త్రవేత్త! ముఖోపాధ్యాయ వాదనను కమిటీ నమ్మలేదు. జపాన్‌లో తన పని వివరించడానికి పిలుపు వస్తే వెళ్లేందుకు అనుమతి దొరకలేదు. 1981 జూన్‌లో హార్మోన్లతో ఏ సంబంధమూ లేని నేత్రవైద్య సంస్థకు బదిలీ చేశారు. అదే నెల 19న ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. తపన్ సిన్హా 1990లో తీసిన హిందీ చిత్రం ‘ఏక్ డాక్టర్ కీ మౌత్’కు ఈ జీవితమే ప్రేరణ.

ఆయన పేరును నిలబెట్టినది మరెవరో కాదు, దేశంలో తొలి టెస్ట్ ట్యూబ్ శిశువుకు కారకుడన్న ఖ్యాతి పొందిన టి.సి. ఆనంద్ కుమార్. డాక్టర్ ఇందిరా హిందూజాతో కలిసి ఆయన చేసిన కృషితో 1986 ఆగస్టు 6న ముంబయిలో హర్ష పుట్టింది. 1997లో కలకత్తా వెళ్లినప్పుడు ముఖోపాధ్యాయ చేతిరాత కాగితాలు ఆయన చేతికి వచ్చాయి. వాటిని చదివి, తొలి స్థానం ముఖోపాధ్యాయదేనని అదే ఏడాది ‘కరెంట్ సైన్స్’ పత్రికలో రాశారు. తన కీర్తిని తానే మరొకరికి అప్పగించడం శాస్త్రరంగంలో అరుదు. 2002లో భారత వైద్య పరిశోధన మండలి ముఖోపాధ్యాయ కృషిని గుర్తించింది. అయినా శాస్త్రీయ పత్రాలతో పూర్తిగా నమోదైన తొలి శిశువుగా చాలాచోట్ల హర్ష పేరే కనిపిస్తుంది. ముఖోపాధ్యాయ బృందం ఈ పిండాల గురించి అచ్చువేయగలిగింది 1978లో ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ క్రయోజెనిక్స్’లో వచ్చిన చిన్న నివేదిక.