నాట్యాచార్య వెంపటి చినసత్యం

మన తాత ముత్తాతలు ఓడలెక్కి మలయా రబ్బరు తోటలకు వచ్చిన కాలంలో కూచిపూడి భాగవతం మగవారి కళ. కృష్ణా జిల్లాలోని ఆ చిన్న ఊరి మేళాలు ఊరూరా తిరిగి, కాగడాల వెలుగులో తెల్లవార్లూ భామాకలాపం, గొల్లకలాపం ఆడేవి. సత్యభామ వేషమూ పురుషుడే కట్టేవాడు. నేడు మన ఇళ్ళలో గజ్జె కడుతున్నది ఎక్కువగా ఆడపిల్లలు. ఈ మార్పు ఎలా వచ్చిందో తెలియాలంటే వెంపటి చినసత్యం గారి చరిత్ర తెలియాలి.

ఆయన 1929 అక్టోబరు 15న కూచిపూడిలో జన్మించారు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి, తాడేపల్లి పేరయ్య శాస్త్రి గార్ల వద్ద నాట్యం అభ్యసించారు. స్త్రీలకూ ఈ విద్య నేర్పిన గురువు లక్ష్మీనారాయణ శాస్త్రి గారు. ఆ చొరవ శిష్యునికీ అబ్బింది. తరువాత మద్రాసు చేరి, అన్నగారు వెంపటి పెదసత్యం గారి వెంట సినిమా నృత్యాలకు పనిచేశారు. సినిమా అన్నం పెట్టినా మనసు మాత్రం శాస్త్రీయ నాట్యం మీదనే నిలిచింది. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించారు.

అక్కడ ఆయన చేసిన పని రెండు విధాలు. మొదటిది, అడవులను ఒక వరుసలో పెట్టి, ఏ ఊరి పిల్ల అయినా క్రమంగా నేర్చుకోగల పాఠంగా మలచడం. రెండవది, రాత్రంతా సాగే ఆటను రెండు మూడు గంటల నృత్యనాటకంగా కుదించడం. పత్రికలు వీటినే బాలే అన్నాయి. శ్రీకృష్ణ పారిజాతం, క్షీరసాగర మథనం, పద్మావతీ శ్రీనివాస కళ్యాణం, హరవిలాసం, చండాలిక అలా రూపొందినవే. భుజంగరాయశర్మ గారి రచన, పట్రాయని సంగీతరావు గారి సంగీతం ఆయనకు రెండు చేతులు. శోభానాయుడు, మంజుభార్గవి వంటి శిష్యురాండ్రు ఆ పాత్రలకు ప్రాణం పోశారు. 1967లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1998లో పద్మభూషణ్ ఆయనను వరించాయి.

అయితే ఈ మార్పు ఊరికే రాలేదు. పాత భాగవతులు ఆడుతూ తామే పాడేవారు, మాట్లాడేవారు. కొత్త నాటకాలలో ఆ పాట, మాట వేదిక పక్కన కూర్చున్న గాయకులవయ్యాయి. వాచికం పోతే భాగవతం ఏమి మిగిలిందని పెద్దలు బాధపడ్డారు. ఆ బాధ అకారణం కాదు. సత్యభామగా స్త్రీలనే మరపించిన వేదాంతం సత్యనారాయణ శర్మ గారు పాత బాణీని చివరిదాకా నిలబెట్టారు. ఈ ఇద్దరూ 2012లోనే, కొద్ది నెలల తేడాతో కన్నుమూశారు.

 పాఠం సముద్రం దాటింది. తెలుగు చదవడం రాని మన మనుమరాలు సత్యభామ జడ పట్టుకుని రంగం మీదికి వస్తున్నదంటే, అందులో చినసత్యం గారి చలువ ఉన్నది. అయితే ఆమె ఏ పదానికి అభినయిస్తున్నదో ఆ పదం అర్థం చెప్పవలసిన బాధ్యత గురువుగారిది కాదు, ఇంట్లో ఉన్న మనది. అడుగు ఆయన నేర్పారు. మాట మనం నేర్పుదాం.