ప్రదర్శనశాలలో ఆహార్యం: రంగస్థల రూపకల్పన ప్రదర్శనల చరిత్ర

1. ప్రవేశిక

భరతుడు అభినయాన్ని నాలుగు విధాలుగా విభజించి, వేషభూషలను, రంగోపకరణాలను ఆహార్యంలో చేర్చాడు. అంటే అవి నటునితోను, ప్రయోగంతోను కలిసి అర్థాన్నిచ్చే అభినయాంగాలు. ప్రయోగం ముగిశాక వాటిని విడిగా ప్రదర్శిస్తే, సందర్శకుడు చూసేది కళాఖండాన్నా, దాని అవశేషాన్నా? ఇరవయ్యో శతాబ్దం నుంచి ఐరోపాలో జరిగిన ప్రదర్శనలు ఈ ప్రశ్నను ఎలా ఎదుర్కొన్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. చిత్రం నుంచి స్థలానికి

1922లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన అంతర్జాతీయ నాటకరంగ ప్రదర్శనలో ఎడ్వర్డ్ గోర్డన్ క్రెయిగ్, అడాల్ఫ్ ఆపియాల రచనలకు ప్రముఖ స్థానం లభించింది. ఆ ప్రదర్శన అదే ఏడాది లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి చేరింది. క్రెయిగ్ రూపకల్పనల్లో అనేకం రంగస్థలం మీదికి రానేలేదు. అటువంటి చిత్రాలు ప్రదర్శనశాలలో గౌరవం పొందడంతో రూపకర్తకు స్వతంత్ర కళాకారునిగా గుర్తింపు బలపడింది. అయితే, నాటకంతో ఆ కళకున్న సంబంధం మరుగున పడే ప్రమాదమూ ఏర్పడింది.

1924లో వియన్నాలో ఫ్రెడెరిక్ కీస్లర్ మరో మార్గం తొక్కాడు. నూతన నాటక సాంకేతికతపై తాను నిర్వహించిన ప్రదర్శనలో భాగంగా, సర్పిలాకారంలో పైకి సాగే ఒక వేదికను నిర్మించి, దానిపై ప్రయోగాలు జరిపించాడు. నమూనాకు బదులు వేదికే ప్రదర్శనాంశమయింది.

3. ప్రాగ్ క్వాడ్రెనియల్

సావో పావ్లో ద్వైవార్షిక కళాప్రదర్శనల్లో 1959లో ఫ్రాంటిషెక్ ట్రోస్టర్, 1961లో యోసెఫ్ స్వోబొదా పురస్కారాలు పొందారు. చెకోస్లొవాక్ రూపకర్తల ఈ విజయాల నేపథ్యంలో 1967లో ప్రాగ్ క్వాడ్రెనియల్ ఆరంభమయింది. నాలుగేళ్లకొకసారి జరిగే ఈ వేదికలో వివిధ దేశాలు తమ రంగస్థల రూపకల్పనలను విభాగాలవారీగా ప్రదర్శిస్తాయి. 2011లో దాని పేరులో ‘రంగాలంకరణ, నాటకశాలా వాస్తు’ స్థానంలో ‘ప్రదర్శన రూపకల్పన, స్థలం’ చేరాయి. ఆ ఏడు జాతీయ నాటకశాల పక్కన చిన్నచిన్న గదులు నిర్మించి, వాటిలో సజీవ ప్రదర్శనలకూ చోటిచ్చారు. ప్రయోగం నుంచి విడిపోయిన ఆహార్యాన్ని తిరిగి ప్రయోగంలో నిలపడమే ఈ మార్పులోని సారం.

4. ఉపసంహారం

ఈ చరిత్ర తెలుగు పరిశోధకులకూ ఉపకరిస్తుంది. పారదర్శకమైన తోలుబొమ్మను గోడకు తగిలిస్తే దాని రంగులు వెలవెలబోతాయి. వెనుక దీపం, ముందు తెర, ఆడించే చేయి ఉన్నప్పుడే అది ఆహార్యం. కనుక మన మ్యూజియాలు బొమ్మతో పాటు దానిని వెలిగించి ఆడించే పద్ధతిని కూడా నమోదు చేసి ప్రదర్శించాలి. లేనిపక్షంలో వస్తువు భద్రంగా ఉన్నా, కళ పరిరక్షితమైనట్లు కాదు.