ఒక మొక్క - రెండు పేర్లు

మొక్క ఒక్కటే. దాని ఆకును మనము కొత్తిమీర అందుము. గింజను ధనియాలు అందుము. మొదటిది కూరగాయల గంపలోను, రెండవది పచారీ దుకాణములోను దొరకును. వాసనలోనైనను పోలిక కనబడదు. గింజ పరిమళమునకు లినలూల్ అను తైలాంశమును, ఆకు వాసనకు ఆల్డిహైడులను వేరు ద్రవ్యములును ముఖ్య కారణములు. కోయక విడిచిన కొత్తిమీరయే పూచి, కాచి, ధనియాలగునని ఎరుగని పిల్లలు నేడు పట్టణములలో ఉండవచ్చును.

ఈ మొక్కతో మానవుని పరిచయము మిగుల ప్రాచీనమైనది. మృత సముద్రమునకు చేరువనున్న నహల్ హేమార్ గుహలో, నవీన శిలాయుగపు పొరయందు, 15 ధనియాల బద్దలు దొరకినవి. అవి అడవిలో ఏరినవి కావచ్చును. ఈజిప్టునందలి సాక్ష్యము ఇంకను గట్టిది. 1922లో హోవార్డు కార్టరు కనుగొన్న టుటంఖమన్ రాజు సమాధిలో సుమారు అర లీటరు ధనియాలుండెను. ఈ మొక్క ఆ దేశమున తనంత తాను మొలచునది కాదు. కావున క్రీ. పూ. 14వ శతాబ్దము నాటికే అచ్చటివారు దీనిని సాగుచేసి యుందురని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి.

గ్రీసు దేశమున పైలోసు రాజప్రాసాదము క్రీ. పూ. 1200 ప్రాంతమున కాలిపోయెను. ఆ మంటలోనే కాలి గట్టిపడిన మట్టి పలకలు మిగిలెను. వానిపై నున్న లిపిని 1952లో మైకేల్ వెంట్రిస్ ఛేదింపగా, బయటపడినవి వీరగాథలు కావు, గిడ్డంగి లెక్కలు. సుగంధతైలము కాచువానికి ధనియాలు కొలిచి యిచ్చిన పద్దు వానిలో నొకటి.

మన దేశమున దీని ప్రాచీనతకు వ్యాకరణమే సాక్షి. పాణిని అష్టాధ్యాయిలో 'కుస్తుంబురు' శబ్దము కొరకు ప్రత్యేకముగా ఒక సూత్రము కలదు. కుస్తుంబురు, కొత్తంబరి, కోథింబీర, కొత్తిమీర - ఈ మాటలను వరుసగా పలికినచో వాని చుట్టరికము చెవికే తెలియును. సంస్కృతమున దీనికి మరియొక పేరు ధాన్యకము. మన ధనియాలు ఆ కుదురులోనివి. కన్నడిగులు ఆకును, గింజను కూడ కొత్తంబరి యనియే పిలిచెదరు. హిందీవారికి రెండును ధనియాయే. తెలుగువారు మాత్రము, మరాఠీవారివలె, ఒక పేరును ఆకునకును, రెండవదానిని గింజకును పంచిరి. రెండు గుణములను వేరుగా గుర్తించిన నాలుక చేసిన పంపకమిది.

మిరప మన దేశమునకు వచ్చినది పోర్చుగీసువారి రాక తరువాత, అనగా 1498 తరువాతనే. అంతకు పూర్వము ఘాటు మిరియాలది. ధనియాలు ఆనాటి వంటయింట నుండియే యున్నవి. క్రొత్తగా వచ్చిన కారమును మందలించి కూర్చుండబెట్టినవియు అవియే. ధనియాల పొడి నీటిని పీల్చి పులుసునకు చిక్కదనము నిచ్చును. చారుపొడిలో మిరియాలు, జీలకర్రలతో కలిసి కమ్మదనము నిచ్చును. రాత్రి నానవేసి ఉదయమున వడగట్టిన ధనియాల నీరు దాహమును, తాపమును అణచునని ఆయుర్వేదము చెప్పును.

ఆకు మర్యాద వేరు. దాని వాసన మంటకు నిలువదు. అందుకే చారు దించిన పిమ్మట కొత్తిమీర వేయుదురు. పచ్చిమిరపకాయలు, అల్లముతో నూరి వంకాయకు పట్టించిన కొత్తిమీర కారమును తెలుగువారికి వేరుగా పరిచయము చేయనక్కరలేదు.

పొలములోను ఇట్టి తెలివియే కలదు. ధనియాలను అట్లే చల్లరు. బద్దలగునట్లు నలిపి విత్తుదురు. ఒక్కొక్క కాయలో రెండు విత్తనములుండుటయే దీనికి కారణము.

గిడ్డంగి పద్దును గుమస్తా వ్రాసెను. శబ్దమును పాణిని సూత్రములో బంధించెను. కాని ధనియాలను ఏ రంగు వచ్చువరకు వేయింపవలెనో, ఎన్ని ధనియాలకు ఎన్ని మిరపకాయలో, ఆ లెక్కను ఇన్ని తరములు మోసినది ఇల్లాండ్ర చేతులు. నేడు పొడి పొట్లములలో వచ్చుచున్నది. దంచిన ధనియాల పరిమళము నిలువయుండిన కొలది తరుగును. దానితోపాటు ఇంటింటి కొలతయు మరుపున పడును. మీ యింట పెద్దవారుండగనే వారి చారుపొడి పాళ్లను అడిగి ఒక కాగితముపై వ్రాసియుంచుడు. పైలోసు పలకవలె అదియు ఒకనాడు చరిత్ర యగును.