నానోసెల్యులోజ్: ఆవిష్కరణ తరువాతి స్తబ్ధత
నానోసెల్యులోజ్ చరిత్రలో ఆవిష్కరణ కన్నా, దాని తరువాతి స్తబ్ధతే ఎక్కువ పరిశీలించదగినది. 1970వ దశకం చివర అమెరికాలోని ఐటీటీ రేయోనియర్ ప్రయోగశాలలో టర్బాక్ బృందం కలప గుజ్జును డెయిరీలలో వాడేటటువంటి హోమోజనైజర్ గుండా అధిక పీడనంతో పలుమార్లు పంపింది. పీచు అతిసన్నని పోగులుగా విడిపోయి, గుజ్జు జెల్‌లా చిక్కబడింది. 1983లో ఫలితాలు ప్రచురితమైనా కాగితపు మిల్లులు ముందుకు రాలేదు. టన్ను తయారీకి 20,000 యూనిట్లకు మించి విద్యుత్తు కావలసివచ్చేది మరి!

2006-07 ప్రాంతంలో ఈ చిక్కుముడి సడలింది. టోక్యోలో ఇసోగై బృందం టెంపో ఆక్సీకరణతో, స్వీడన్ పరిశోధకులు ఎంజైములతో పీచును ముందే వదులుచేయగా విద్యుత్ వ్యయం ఎన్నో రెట్లు తగ్గింది. మిగిలిన చిక్కు నీటితోనే. గుజ్జులో కొద్ది శాతం కలిపితే కాగితం దృఢమవుతుంది. కానీ యంత్రపు జల్లెడపై నీరు నెమ్మదిగా దిగుతుంది. పూతగా వేస్తే, పొడి వాతావరణంలో ఆక్సిజన్‌ను అడ్డుకొనే పొర తేమకు ఉబ్బి ఆ గుణాన్ని కోల్పోతుంది.