తులాధారుని త్రాసు – మన్యపు సంత



మహాభారత శాంతిపర్వంలో జాజలి అనే తపస్వి వృత్తాంతం మీరందరూ వినియే ఉంటారు. ఆయన కొయ్యవలె కదలక నిలిచి తపస్సు చేయగా, పక్షులు ఆయన జటలలో గూడు కట్టి, పిల్లలను పెంచుకొని, రెక్కలు వచ్చాక ఎగిరిపోయినవి. తనంతటి ధర్మజ్ఞుడు లేడని జాజలి ఉప్పొంగిన వేళ, కాశీ నగరంలోని తులాధారుడనే వర్తకుని దర్శించుమని ఆకాశవాణి పలికినది. పోయి చూడగా ఆ మహానుభావుడు అంగడిలో కూర్చుండి సరుకులు తూచి అమ్ముతున్నాడు! తన త్రాసు సర్వభూతముల యెడ సమముగా ఉండుటయే ఆయన ధర్మరహస్యం.

ధర్మబోధకు వ్యాసభగవానుడు త్రాసు పట్టిన వానినే ఎందుకు ఎంచుకొన్నాడు? అడవిలో ఒంటరిగా నిలిచిన జాజలికి మోసం చేయుటకు అవకాశమే లేదు. తులాధారునికో, కొనువాడు వచ్చిన ప్రతిసారీ వ్రేలు కొంచెం వంచితే లాభం. కౌటిల్యుడు కూడా ఈ సంగతి ఎరిగినవాడే. తూకములకు, కొలతలకు ప్రత్యేకముగా ఒక అధ్యక్షుని నియమించుమన్నాడు. రాజద్రవ్యమును ఉద్యోగులు అపహరించే మార్గములను నలభై వరకు లెక్కించినాడు. మనుష్యులందరూ దుష్టులని ఆయన భావము కాదు. చేతికి అందిన తేనెను నాలుక మరువదని ఆయనకు తెలుసు.

ఈ కథను మన తూర్పు కనుమలలోని మన్యం చరిత్రతో కలిపి చూచినప్పుడు దాని లోతు తెలుస్తుంది.

అరకులోయ, పాడేరు ప్రాంతాల సంతలకు బగతలు, కొండదొరలు, కోటియలు, పోర్జాలు, వాల్మీకులు చింతపండు, కుంకుడుకాయలు, కరక్కాయలు, అడ్డాకులు, వలిసెలు, పసుపు తలపై మోసుకొని కొండలు దిగి వచ్చేవారు. మైదానపు వర్తకుడు ఉప్పు, బట్ట, ఎండుచేప పరచుకొని ఎదురుచూచేవాడు. తీసుకొనేటప్పుడు కుంచం రాశి పోసి కొలచుట, ఇచ్చేటప్పుడు తలగొట్టి కొలచుట అతని విద్య. దినమంతా నడచి వచ్చిన మనిషి సరుకును తిరిగి మోసుకొని కొండ ఎక్కలేడు గదా! ఆ నిస్సహాయతయే వర్తకుని అసలు లాభం. ఇతడు తన యింట దీపారాధన చేసేవాడే, పిల్లలకు నీతి చెప్పేవాడే. కాని సంతలో అతనిని అడిగేవాడు లేడు, ప్రక్క అంగడివాడు కూడా అదే చేస్తున్నాడు.

ఇది సంతతో ఆగినదా? లేదు. అరకుకు నైరుతి దిశగా ఉన్న రంప ప్రాంతంలో 1879 మార్చిలో చెలరేగిన పితూరీకి మూలములు వెదకితే, వరుసగా ఒకరి నెత్తిపై ఒకరు నిలిచిన మనుష్యులు కనబడతారు. గిరిజనులకు జీలుగు కల్లు, తాటికల్లు తరతరాల ఆహారం. గీతకు పన్ను లేదు. 1870ల దశకంలో ప్రభుత్వం కల్లు రాబడిని గుత్తకిచ్చినది. గుత్త పాట ఎట్లు జరుగునో ఆలోచించండి. ఎవడు ఎక్కువ పాడితే వానికే హక్కు. న్యాయముగా వసూలయ్యే దానికి మించి పాడినవాడే గెలుస్తాడు. గెలిచినవాడు మిగిలినది అన్యాయముగా రాబట్టక తప్పదు. నెమ్మదస్తుడు పాటలోనే ఓడిపోయినాడు! ఏర్పాటే దుర్మార్గుని ఏరి తెచ్చినది. దానికి తోడు మన్సబుదారు తన వాటా పన్ను కోరినాడు, పోలీసు బంట్రోతు తన మామూలు కోరినాడు.

న్యాయస్థానముల సంగతి ఇంకా విచారకరం. వర్తకుడు అప్పుపత్రం వ్రాయించుకొనేవాడు. చదువురాని కొండవాడు వ్రేలిముద్ర వేసేవాడు. దావా మైదానంలోని కోర్టులో పడేది. జ్వరాలకు, దూరానికి, భాషకు భయపడి ప్రతివాది దిగివచ్చేవాడు కాదు. ఏకపక్షంగా డిక్రీ, ఆపై జప్తు. చిన్న బాకీకి పశువులు, ధాన్యం అంతా తరలిపోయేది. అబద్ధపు దావా వేసినవానికి నష్టమేమీ లేదు, లాభం మాత్రం నిశ్చయం. అమీనా మొదలు సాక్షి వరకు ప్రతివాడూ తన పని తాను చేసినాననే అనుకొన్నాడు.

తిరుగుబాటు గొలుగొండ, భద్రాచలం వరకు ప్రాకినది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్‌రెడ్డి దాని నాయకులు. దానిని అణచుటకు ప్రభుత్వం పటాలములను దింపవలసివచ్చినది. రెవెన్యూ బోర్డు సభ్యుడు సల్లివాన్ విచారణ జరిపిన పిమ్మట మన్సబు రద్దయినది. అనగా, తప్పు కొండవారి కోపంలో కాక పైనున్న ఏర్పాటులో ఉన్నదని ప్రభుత్వమే ఒప్పుకొన్నట్లయినది.

అయినను పాఠం ఎంత కాలం నిలిచినది? 1917లో ఏజెన్సీ వడ్డీ, భూమి బదలాయింపు చట్టం వచ్చి వడ్డీని నూటికి 24కు పరిమితం చేసినది. మంచిదే. కాని అయిదేండ్లు తిరగకముందే గూడెంలో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుండి పైకి వేసే రోడ్డు పనిలో కొండవారి కూలిని కత్తిరించినాడు. ఆరణాల చోట రెండణాలని ప్రసిద్ధి. పని చేయించేవాడు, కూలి పంచేవాడు, ఫిర్యాదు వినేవాడు ఒక్కడే అయినప్పుడు మిగిలిన అణాలు ఎక్కడికి పోతాయి? 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై పడుటకు వెనుక ఈ అణాల లెక్క కూడ ఉన్నది. ఆయనను పట్టిచ్చిన వారికి రూ. 10,000 బహుమానం ప్రకటించిరి. కొందరు ముఠాదారులు ప్రభుత్వ పక్షాన నిలిచినను, 1924 మే 7 వరకు, దాదాపు రెండేండ్లు మన్యం ఆయనను దాచుకొన్నది. కల్లుకు, కూలికి వంచింపబడినవారి ఎదుట ఆ ధనరాశి వెలవెలబోయినది.

స్వాతంత్ర్యానంతరం శాసనములు పెరిగినవి. 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడి అటవీ ఫలసాయమును కొనుట ఆరంభించినది. 1970 నాటి 1వ రెగ్యులేషన్ ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోరాదని కట్టడి చేసినది. కట్టడి ఎంత గట్టిదైతే దానిని దాటిన వానికి లాభమంత! కనుక బినామీలు పుట్టినవి. పాలేరు పేర, పెండ్లాడిన గిరిజన స్త్రీ పేర భూములు నడిచినవి. రిజర్వేషను ఫలం చూచి తప్పుడు కుల ధ్రువపత్రములు పుట్టగా, వాటిని అరికట్టుటకు 1993లో వేరుగా చట్టమే చేయవలసివచ్చినది. ఇది మన మన్యపు వింత మాత్రమే కాదు. 1902లో హనోయి నగరంలో ఫ్రెంచివారు ఎలుక తోకకు ఇంత అని బహుమతి పెట్టగా, తోక కోసి ఎలుకను విడిచిపెట్టినవారు, తోకల కొరకే ఎలుకలను పెంచినవారు బయలుదేరిరి. తోకకు వెల కట్టినవాడు తోకనే పొందినాడు!

మోసపోయినవాడు మోసం చేయడని గాని, కొండవారందరూ మచ్చలేనివారని గాని చెప్పుట న్యాయము కాదు. అరకు కాఫీతోటలను చూడండి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన పంట ఇది. కాఫీపండు ఒక్కసారిగా పండదు. ఒకే కొమ్మపై ఎఱ్ఱనివి, పచ్చనివి కలిసి ఉంటాయి. బరువు ఒక్కదానికే వెల కట్టే దళారి వస్తే, రైతు కొమ్మ మొత్తం దూసి బస్తాలో పోస్తాడు; పచ్చికాయ కూడ తూగుతుంది గదా! దళారి త్రాసు అబద్ధమాడుతుందని ఎరిగిన రైతుకు, తాను కలిపిన పచ్చికాయ పాపమని తోచదు. చెల్లుకు చెల్లు అనుకొంటాడు. ఆ పచ్చికాయను సాకు చేసి దళారి ధర ఇంకా తగ్గిస్తాడు. ఎవరు ముందు మొదలుపెట్టినారో ఇరువురికీ గుర్తుండదు. ఎఱ్ఱగా పండిన పండుకే మంచి ధర ఇచ్చి, రైతు కన్నుల ఎదుటనే తూచి, సొమ్ము తన చేతికే ఇచ్చే చోట, అదే రైతు, అదే ఇల్లాలు బుట్ట చంకన పెట్టుకొని అదే చెట్టు దగ్గరకు మూడుసార్లు, నాలుగుసార్లు పోయి, పండినదానిని మాత్రమే కోసి, పచ్చిదానిని కొమ్మపైననే ఉంచి వస్తున్నారు.